ఇత్తడి బుల్లి భాగాలకు నలుపెక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఇత్తడి విషయంలో రెండు పార్టీలు. పండగ వస్తే అమ్మ దేవుడి గూట్లో సామానంతా దించి చింతపండు పెట్టి తోముతుంది. నేను అదే లోహాన్ని కొని తెచ్చి నల్లగా చేస్తాను. "మెరిసేదాన్ని మసి చేసుకుంటావేందిరా" అని ఇప్పటికీ అడుగుతుంది. నాది కావలి. పక్కనే బిట్రగుంట లోకో షెడ్డు వైపు ఒకప్పుడు తిరిగిన ఆవిరి ఇంజన్ల బుల్లి నమూనాలను 1:87 కొలతలో (అంటే అసలుదానిలో 87వ వంతు), మధ్యమధ్యలో తెరచాప ఓడలను 1:96 కొలతలో కట్టుకుంటూ ఉంటాను. నెల్లూరు, ఒంగోలు నుంచి ఈ సరదా మొదలుపెట్టిన కుర్రాళ్లు ఫోన్లో అవే ప్రశ్నలు అడుగుతున్నారు. చెప్పిందే చెప్పే ఓపిక తగ్గి ఇక్కడ రాసి పెడుతున్నాను.

నల్ల పెయింటు కొడితే సరిపోదా?

పెద్ద భాగాలకు సరిపోతుంది. బాయిలరుకు, టెండరుకు (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) నేనూ పెయింటే కొడతాను. చిక్కంతా చిన్నవాటితోనే. ఒక లెక్క చూడండి. ఇంజన్ పక్కన చేతిపట్టు కడ్డీకి 0.4 మి.మీ. ఇత్తడి తీగ వాడామనుకుందాం. అసలు ఇంజన్ మీద అది 35 మి.మీ. లావు కడ్డీ. ప్రైమరు, రంగు కలిసి చుట్టూ 50 మైక్రాన్ల (0.05 మి.మీ.) మందం పడితే తీగ లావు 0.5 మి.మీ. అవుతుంది. కడ్డీ పావువంతు ఒళ్లు చేసిందన్నమాట! రివెట్ తలలు చదునైపోతాయి, గొలుసు కంతలు పూడిపోతాయి, ఓడ మీద తాడు దూరాల్సిన రింగు బోల్టులో తాడు దూరదు. రసాయనంతో వచ్చే నలుపు సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లకు మించదు. చెక్కిన గీత చెక్కినట్టే ఉంటుంది.

ఇంకో లాభం ఉంది. నలుపెక్కించిన దాని మీద పెయింటు కొడితే, రేపు ఎక్కడన్నా పెచ్చు లేచినా కింద పచ్చటి ఇత్తడి వెక్కిరించదు.

నలుపెక్కించే ద్రావణంలో వేస్తే అసలేం జరుగుతుంది?

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. దుకాణంలో దొరికే రేకులు, తీగలు ఎక్కువగా 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు లేదా దానికి కాస్త అటూ ఇటూ. లేతు మీద తిప్పిన ఫిరంగులు, మీటల లాంటివాటిలో లోహం సులువుగా కోయడానికి 3 శాతం దాకా సీసం కూడా కలుపుతారు. సీసాల్లో అమ్మే నలుపు మందుల్లో చాలావాటిలో సెలీనియం ఆమ్లం, రాగి లవణం, కాస్త బలమైన ఆమ్లం ఉంటాయి. ఆమ్లం పైపొరను కొరుకుతుంది, రాగి, సెలీనియం కలిసి నల్లటి కాపర్ సెలినైడ్‌గా అక్కడే పేరుకుంటాయి. అంటే ఇది పైన పూసిన రంగు కాదు, లోహాన్ని కొరికి అక్కడే పుట్టిన పొర. అందుకే పైన నూనె ఉన్నా, లక్క ఉన్నా, వేలిముద్ర ఉన్నా అక్కడ పుట్టదు.

ఏ మందు కొనాలి?

విదేశీ మోడలర్లు ఎక్కువగా చెప్పే పేర్లు బర్చ్‌వుడ్ కేసీ వారి బ్రాస్ బ్లాక్, జాక్స్ బ్లాక్, ఇంగ్లండులో కార్స్ మెటల్ బ్లాక్. పేరు కన్నా సీసా మీద ఏ లోహానికో చూసుకోవడం ముఖ్యం. ఇత్తడికి, ఉక్కుకు, సీసపు మిశ్రమాలకు వేర్వేరు మందులుంటాయి. ఒకదాని బదులు ఇంకోటి వాడితే ఒక్కోసారి పని జరుగుతుంది, ఒక్కోసారి గోధుమరంగు మరకలు మిగులుతాయి. ఒక చిన్న సీసా చాలా కాలం వస్తుంది, ఎందుకంటే దాన్ని ఉన్నదున్నట్టు వాడకూడదు. ఆ సంగతి కింద చెబుతాను.

ఆ సీసాలు మా ఊళ్లో దొరకవు. ఇక్కడ దొరికే సరుకుతో అవుతుందా?

అవుతుంది, అదీ ఇత్తడికే బాగా పనిచేసే పాత పద్ధతి. శాస్త్ర పరికరాలు చేసేవాళ్లు వాడినది. కావాల్సింది మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), చాకలి సోడా, అమ్మోనియా ద్రావణం. మైలుతుత్తం ఎరువుల దుకాణంలో దొరుకుతుంది. నిమ్మతోటల వాళ్లకు బోర్డో మిశ్రమం కోసం అమ్మేది అదే.

మైలుతుత్తాన్ని నీళ్లలో కరిగించి, విడిగా కరిగించిన చాకలి సోడాను కొంచెం కొంచెంగా పోయండి. బుసబుసా పొంగుతుంది, గిన్నె సగానికే నింపుకోండి. అడుగున లేత ఆకుపచ్చ నీలం ముద్ద దిగుతుంది. అదే కాపర్ కార్బొనేట్. దాన్ని గుడ్డలో వడగట్టి రెండు మూడు సార్లు మంచినీళ్లతో కడిగి, ఆరుబయట, గాలి వచ్చే వైపు నిలబడి, అమ్మోనియాలో కొద్దికొద్దిగా కలపండి. ముదురు నీలంగా కరుగుతుంది. ఇక కరగదు అన్నంతవరకు కలిపి ఆపండి. శుభ్రం చేసిన ఇత్తడిని అందులో వేస్తే బంగారు గోధుమ, ఊదా, చివరకు నీలి నలుపు వస్తుంది. కాస్త గోరువెచ్చగా ఉంటే త్వరగా వస్తుంది, కానీ వేడిచేసే కొద్దీ అమ్మోనియా ఆవిరై కళ్లు మండుతాయి. నేను పొయ్యి జోలికి పోను, మేడ మీద నీడలో పెట్టి ఓపిక పడతాను. నలుపు వచ్చాక 2.5 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో ఒకసారి ముంచితే రంగు స్థిరపడుతుంది.

ఈ మందు ఉత్త రాగి మీద పనిచేయదు. జింకు ఉండాలి. బ్లీచింగ్ పౌడరు, బాత్రూము కడిగే క్లోరిన్ మందులు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.

అమ్మోనియా వల్ల ఇత్తడి పగులుతుందంటారు, నిజమేనా?

నిజమే, ఆ సంగతి బయటపడింది కూడా మన దేశంలోనే. బ్రిటిషు సైన్యం వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిల్వ చేస్తే ఇత్తడి గొట్టాలు వాటంతటవే చీలిపోయేవి. కారణం గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, దానికి తోడు గొట్టం సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు దీన్ని తేల్చారు. మన పనికి దీని అర్థం ఏమిటంటే, గట్టి తీగను వంచి చేసిన కొక్కేలు, రింగులు అమ్మోనియా మందులో వేసే ముందు ఎర్రబడేదాకా కాల్చి బిగువు వదిలించాలి. నేనొకసారి ఆ పని బద్ధకించాను. ఓడ పక్కన వరుసగా బిగించిన రింగుల్లో నాలుగు, నెల తిరక్కుండా వంపు దగ్గర పుటుక్కున విరిగాయి.

గంధకం మందు, ఉడికిన గుడ్డు లాంటి చిట్కాలు పనికొస్తాయా?

రాగికి, వెండికి పనికొస్తాయి. పొటాషియం, గంధకం కలిసిన ఆ పచ్చటి గడ్డ (లివర్ ఆఫ్ సల్ఫర్ అంటారు) కంసాలి పనిలో వెండికి పాతదనం తేవడానికి వాడతారు. ఇత్తడి మీద మాత్రం నీరసంగా గోధుమరంగు వచ్చి ఆగుతుంది. మూతపెట్టిన డబ్బాలో ఉడికిన గుడ్డు పక్కన పెట్టే చిట్కా అంతకన్నా నీరసం. నేను ప్రయత్నించాను. ఇంట్లో వాసన, ఇత్తడి పచ్చగా అలాగే ఉంది.

దారి లేకపోలేదు. ఇత్తడికి ముందు పలచగా రాగి పూత వేసుకోవాలి. రాగి కరిగి నీలంగా మారిన పాత ఆమ్లపు నీళ్లలో ఇత్తడి భాగాన్ని వేసి, దానికి ఇనుప తీగ ఆనిస్తే నిమిషాల్లో ఎర్రటి రాగి పొర ఎక్కుతుంది. ఆపైన గంధకం మందు చక్కగా నల్లబరుస్తుంది. రెండు మెట్ల పని, మరీ అవసరమైతే తప్ప నేను ఎక్కను.

ముందు శుభ్రం ఎలా చేయాలి? చింతపండు చాలదా?

పని చెడిందని నాకు ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది చెడగొట్టుకున్నది ఇక్కడే, మందు దగ్గర కాదు. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం కిలుమును బాగానే కరిగిస్తుంది, అమ్మ పద్ధతిలో తప్పు లేదు. కాకపోతే గుజ్జు రివెట్ల సందుల్లో ఇరుక్కుంటుంది, దాన్ని తీయడానికి మళ్లీ అంత పని. బజార్లో దొరికే తోముడు పొడులు కూడా అంతే, వాటి నలుసు మూలల్లో మిగులుతుంది. బిందెకు పనికొచ్చేది మిల్లీమీటరు బోల్టుకు పనికిరాదు.

నేను చేసే వరస ఇది. మొదట అసిటోన్‌లో పది నిమిషాలు. తయారీదారు పూసిన పలచటి లక్క, నూనె దీనితో పోతాయి. లక్క ఉందో లేదో కంటికి తెలియదు, కాబట్టి ఉందనే అనుకోండి. తర్వాత అంట్లు తోమే ద్రవం వేసిన వేడినీళ్లలో మెత్తటి బ్రష్షుతో రుద్దడం. ఆపైన నిమ్మఉప్పు నీళ్లు, లీటరుకు 50 నుంచి 100 గ్రాములు, పావుగంట. ఇత్తడి మొరటుగా, కాస్త గులాబీ ఛాయలో కనిపిస్తే ఆమ్లం పనిచేసినట్టే. కడిగి చూడండి. నీళ్లు భాగం మీద ఏకంగా పలచటి పొరలా పరుచుకోవాలి. తామరాకు మీదలా బొట్లుగా విడిపోయాయంటే జిడ్డు ఇంకా ఉంది, మళ్లీ మొదటికి వెళ్లండి.

ఇక్కడినుంచి చేత్తో ముట్టుకోవద్దు. ఆరనివ్వకుండా, తడిగానే మందులోకి పోవాలి. ఆరితే గాలికి మళ్లీ పొర పడుతుంది.

చదునైన పలకలను మాత్రం ఆమ్లానికి ముందు చాలా సన్నటి ఎమరీ కాగితం మీద నాలుగుసార్లు ఒకే వైపుకు లాగుతాను. కాగితం కింద చీమకుర్తి గ్రానైటు ముక్క ఒకటి పెట్టుకున్నాను. పాలిష్ పట్టిన ఆ రాయి కన్నా చదునైన బల్ల మన ఇళ్లలో ఇంకోటి ఉండదు. సోల్డరు చేయడానికి కింద మార్కాపురం పలక. మంట తగిలినా బల్ల కాలదు.

బోరు నీళ్లు వాడొచ్చా?

వద్దు. సముద్రం ఒడ్డు ఊళ్లలోనూ, ప్రకాశంలో చాలా చోట్లా బోరు నీళ్లు ఉప్పన. ఆ ఉప్పులోని క్లోరైడు ఇత్తడి సందుల్లో దాక్కుని వానాకాలంలో ఆకుపచ్చ మచ్చగా బయటికొస్తుంది. తొలి కడుగుళ్లకు ఏ నీళ్లైనా పరవాలేదు. మందు కలపడానికి, చివరి కడుగుడుకు ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాను కొనుక్కోండి.

మందు ఎంత పలచన చేయాలి, ఎంతసేపు ఉంచాలి?

నా మొదటి ఓడకు ఇరవై నాలుగు ఫిరంగులు. సీసాలో మందు ఉన్నదున్నట్టు గిన్నెలో పోసి అన్నీ ఒకేసారి వేశాను. పది సెకన్లలో కాటుకలాగా నల్లబడ్డాయి. ఎంత సంబరపడ్డానో! బయటికి తీసి తుడిస్తే ఆ నలుపంతా గుడ్డకు వచ్చింది, ఫిరంగులు ఎప్పటిలా పచ్చగా నవ్వాయి. త్వరగా పేరుకున్న పొర వదులుగా, పొడిలా ఉంటుంది. నెమ్మదిగా పేరుకున్నది గట్టిగా పట్టుకుంటుంది.

ఒక పాలు మందుకు ఐదు నుంచి పది పాళ్లు నీళ్లు. రెండు మూడు నిమిషాల్లో గోధుమరంగు నుంచి బూడిద నలుపుకు రావాలి. మధ్యలో కదుపుతూ ఉండండి, లేకపోతే గిన్నెకు ఆనిన చోట మచ్చ మిగులుతుంది. కాటుక నలుపు వచ్చేదాకా ఆగకండి. ముదురు బూడిద రంగు రాగానే తీసి, కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తి, చాలదనిపిస్తే మళ్లీ వేయండి. రెండు పలచటి మునకలు ఒక చిక్కటి మునక కన్నా మేలు.

ఎండాకాలంలో ఇంకా పలచన చేయాలి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం మేడ మీది గదిలో మందు దానంతటదే వేడెక్కి ఉంటుంది, పని పరిగెత్తుతుంది. నేను ఆ నెలల్లో తెల్లవారుజామున చేస్తాను.

చిన్నవాటిని దేంతో పట్టుకోవాలి?

ప్లాస్టిక్ పట్టకారుతో. ఉక్కు పట్టకారు మందులో ముంచితే మందులోని రాగి దానికి పడుతుంది, మందు బలం తగ్గుతుంది, భాగానికి మరక అంటుతుంది. ప్లాస్టిక్ టీ వడపోతలో పోసి ముంచి తీయడం ఇంకా సులువు. కంతలున్నవాటిని నైలాను దారానికి గుచ్చండి. కదపడానికి కొబ్బరి ఈనె కన్నా మంచి పనిముట్టు లేదు.

కొన్ని భాగాలు అసలు నల్లబడలేదు. మందు పాడైందా?

ముందు భాగాన్ని అనుమానించండి. ఇత్తడి అని అమ్మినదంతా ఇత్తడి కాదు. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము. మందులో వేయగానే బుడగలు లేచి ముక్క కరగడం మొదలైతే అది జింకు పోతపోసి పైన ఇత్తడి పూత వేసినది, వెంటనే తీసి కడగండి. ఓడ లంగరుకు నేను నగల విడిభాగాల కొట్లో సన్న గొలుసు కొన్నాను. రెండు గంటలు ఉంచినా మారలేదు. ఆకురాయితో ఒక కంత గీకి చూస్తే పైన నికెల్, కింద ఇత్తడి. నికెల్ మీద ఈ మందు పనిచేయదు. అప్పటినుంచి కొనే ముందు ఒక అంగుళం ముక్క అడిగి తెచ్చుకుని గీకి చూస్తున్నాను. కొట్టాయన నన్ను వింతగా చూస్తాడు, చూడనీ.

మాటు వేసిన చోట తెల్లగా మెరుస్తోంది.

మెరుస్తుంది. సోల్డరు తగరం, సీసంతో చేసినది. ఇత్తడి మందుకు అది బూడిద రంగుకు తిరిగి ఆగిపోతుంది. వెండి మాటు కూడా ఇత్తడితో సమానంగా నల్లబడదు. మాటు కనిపించని వైపు వేయడం, మిగిలినది గీకేయడం మేలైన ఉపాయం. ఇంకా మిగిలితే సన్నటి కుంచెతో మెరుపులేని నల్ల పెయింటు చుక్క పెట్టండి. సోల్డరు పట్టడానికి పూసే ఫ్లక్స్ జిడ్డు వేడినీళ్లతో పూర్తిగా పోయాకే మందులో వేయాలి. మాటు చుట్టూ ఆకుపచ్చ వలయం కనిపిస్తే ఫ్లక్స్ పోలేదని.

ముందు నలుపెక్కించి అతికించాలా, అతికించాక నలుపెక్కించాలా?

సోల్డరు చేసేవైతే ముందు సోల్డరు, తర్వాత నలుపు. జిగురుతో అతికించేవైతే ముందు నలుపు. సూపర్ గ్లూ నల్లటి పొరను పట్టుకుంటుంది గానీ కింద లోహాన్ని కాదు. లాగితే పొరతో సహా ఊడి వస్తుంది. అందుకే అతుకు చోట మాత్రం సూదితో గీకి ఇత్తడి కనిపించాక అంటించండి. చెక్కలో దిగే మొలలకు కూడా అంతే.

నలుపు వేళ్లకు అంటుతోంది.

పైన ఉన్న వదులు పొడి కొంచెం ఎప్పుడూ ఉంటుంది. తుడిచాక కింద నలుపు మిగిలితే పని బాగున్నట్టే. ఏమీ మిగలకపోతే మందు చిక్కన, లేదా జిడ్డు. వంటసోడా వేసిన నీళ్లలో రెండు నిమిషాలు ముంచి ఆమ్లాన్ని ఆపి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టి, ఒక పూట వదిలేయండి. తడిగా ఉన్నప్పుడు రుద్దితే అన్యాయంగా పోతుంది.

పైపూత అవసరమా?

మన తీరంలో అవసరమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తడి, ఏడాదంతా ఉప్పు గాలి. మెరుపులేని లక్క పలచగా కొట్టొచ్చు, లేదా మైనం. మోడలర్లు మైక్రోక్రిస్టలైన్ మైనం వాడతారు, తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి పూసినా బాగానే ఉంటుంది. వేలితో కాదు, బ్రష్షుతో. నూనె పూస్తే అప్పటికి అందంగా నిగనిగలాడుతుంది, తర్వాత దుమ్ము పడుతుంది, దాని మీద పెయింటు గానీ జిగురు గానీ పట్టదు.

ఇవి ఒంటికి హానికరమా?

అవును. సెలీనియం విషం. చర్మం గుండా కూడా కొంత లోపలికి పోతుంది, ఎక్కువగా ఒంట్లోకి చేరితే ఊపిరి వెల్లుల్లి వాసన కొడుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు, తలుపులు తెరిచిన గది. వంటింటి గిన్నె, చెంచా, గ్లాసు ఏవీ వాడొద్దు, వాడితే మళ్లీ వంటింటికి తిరిగి వెళ్లకూడదు. మందు కలిపిన సీసా మీద పెద్ద అక్షరాలతో పేరు రాయండి. మైలుతుత్తం నీళ్లు చూడటానికి చల్లటి పానీయంలా ముచ్చటగా ఉంటాయి, పిల్లలున్న ఇంట్లో అదే భయం.

వాడేసిన మందు ఎక్కడ పారబోయాలి?

కాలవలో మాత్రం కాదు. రాగి చేపలకు, రొయ్యలకు తక్కువ మోతాదులోనే చేటు చేస్తుంది, మన జిల్లాల్లో ఏ కాలవ ఏ చెరువు గట్టు పక్కనుంచి పోతుందో చెప్పలేం. పాత మందులో ఇనుప పీచు వేసి రెండు రోజులు వదిలితే రాగి దానికి పట్టేస్తుంది, నీలం రంగు పోతుంది. అంతమాత్రాన నీళ్లు మంచివైపోలేదు, సెలీనియం ఇంకా ఉంటుంది. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో ఎవరికీ అందని చోట ఎండబెట్టి, అడుగున మిగిలినది మూత గట్టి సీసాలో దాస్తున్నాను. పది ఓడలు, ఇంజన్లు కలిసినా అరసీసా నిండలేదు. దగ్గర్లో కెమిస్ట్రీ ప్రయోగశాల ఉన్న కాలేజీ ఉంటే వాళ్ల వ్యర్థాలతో కలిపి పంపమని అడగండి. వాడిన మందును తిరిగి కొత్త సీసాలో మాత్రం పోయకండి, ఉన్నదీ పాడవుతుంది.

నచ్చకపోతే నలుపు తీసేయొచ్చా?

అమ్మోనియా మందుతో వచ్చిన నలుపు ప్రధానంగా ఆక్సైడు. నిమ్మఉప్పు నీళ్లలో పోతుంది. సెలీనియం నలుపు అలా కరగదు, గాజు పీచు బ్రష్షుతో గానీ సన్నటి ఎమరీతో గానీ గీకాలి, ఆ దుమ్ము పీల్చకుండా తడిపి గీకాలి. సన్నటి భాగాలకు అంత రాపిడి తట్టదు, కొత్తది చేసుకోవడమే నయం. అమ్మోనియా మందుతో నల్లబరచి కిటికీలో ఆరబెట్టిన ఒక ఫిరంగిని, పోయిన దీపావళికి అమ్మ దేవుడి సామానులో కలిపి చింతపండుతో తోమేసింది. తళతళలాడుతూ తిరిగొచ్చింది. దాన్ని మళ్లీ అసిటోన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను.